ఫ్లఫర్‌నట్టర్ బార్లు: పీనట్ బటర్, మార్ష్‌మల్లో కలిసిన న్యూ ఇంగ్లండ్ తీపిని ఇంట్లో చేసుకోవడం ఎలా

అమెరికాలో న్యూ ఇంగ్లండ్ అని పిలిచే ఈశాన్య ప్రాంతంలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో పెరిగినవాళ్లని చిన్నప్పుడు లంచ్ బాక్సులో ఏం పట్టుకెళ్లేవారని అడిగితే, చాలామంది నోట ముందుగా వచ్చే పేరు ఫ్లఫర్‌నట్టర్. మెత్తటి తెల్ల బ్రెడ్డు ముక్క ఒకదానికి పీనట్ బటర్, ఇంకోదానికి ఫ్లఫ్ అనే మార్ష్‌మల్లో క్రీమ్ రాసి మూసేయడమే. ఉప్పుప్పగా, కమ్మగా ఉండే పల్లీల రుచి ఒకవైపు, నోట్లో పెట్టగానే కరిగే తీపి ఇంకోవైపు. ఆ సాండ్‌విచ్‌ని ఓవెన్‌లో కాల్చి ముక్కలు కోసుకునేలా మారిస్తే ఫ్లఫర్‌నట్టర్ బార్లు. అటూ ఇటూ పీనట్ బటర్ కుకీ పొరలు, మధ్యలో తెల్లటి ఫ్లఫ్.

ఈ ఫ్లఫ్ పుట్టింది బోస్టన్ పక్కనే ఉన్న సోమర్‌విల్‌లో. 1917 ప్రాంతంలో ఆర్చిబాల్డ్ క్వెరీ అనే ఆయన ఇంటి వంటగదిలో చేసి ఇంటింటికీ తిరిగి అమ్మేవాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో పంచదార దొరక్క ఆపేశాడు. 1920లో ఆయన దగ్గర ఆ తయారీ పద్ధతిని కొనుక్కున్నది యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఇద్దరు స్నేహితులు, అలెన్ డర్కీ, ఫ్రెడ్ మోవర్. వాళ్ల కంపెనీ డర్కీ-మోవర్ ఈరోజుకీ అదే రాష్ట్రంలోని లిన్ పట్టణంలో ఫ్లఫ్ తయారుచేస్తోంది. పీనట్ బటర్‌తో జతకట్టిన ఘనత మాత్రం వీళ్లది కాదు. మెల్‌రోజ్ పట్టణంలో మార్ష్‌మల్లో క్రీమ్ తయారుచేసిన ఎమ్మా కర్టిస్, యుద్ధం రోజుల్లోనే ఈ రెండూ కలిపిన సాండ్‌విచ్‌ని లిబర్టీ సాండ్‌విచ్ పేరుతో ప్రచారం చేసింది. ఫ్లఫర్‌నట్టర్ అన్న పేరు 1960లో ఒక ప్రకటనల సంస్థ పెట్టింది. ఆ రాష్ట్రంవాళ్లకి దీనిమీద మమకారం ఎంతంటే, 2006లో బడి భోజనాల్లో ఫ్లఫ్‌ని తగ్గించాలని ఒక రాష్ట్ర సెనేటర్ ప్రతిపాదిస్తే, దీన్ని రాష్ట్ర అధికారిక సాండ్‌విచ్‌గా ప్రకటించాలంటూ ఇంకో ప్రజాప్రతినిధి ముందుకొచ్చింది. సోమర్‌విల్‌లో ఏటా ఫ్లఫ్ పేరుమీద ఉత్సవం కూడా జరుగుతుంది.

బార్ల విషయానికొస్తే, చేయడం కష్టమేమీ కాదు గానీ ఒక్కచోట దెబ్బతింటాయి. ముక్క కోసి చూస్తే మధ్యలో తెల్లపొర కనిపించదు. పిండి మాత్రం అక్కడక్కడ జిగటగా, టాఫీలా ఉంటుంది. ఫ్లఫ్ ఎక్కడికీ పోలేదు, పిండిలో ఇంకిపోయింది. ఫ్లఫ్ అంటే తెల్లసొన నురుగులో బంధించిన పంచదార పాకం. వేడి తగిలితే నురుగులోని గాలి వ్యాకోచిస్తుంది, బుడగల గోడలు పలచబడి తెగిపోతాయి, పాకం నీరై కిందున్న పచ్చిపిండిలోకి జారిపోతుంది. ఆ పొర నిలిస్తేనే ఇది ఫ్లఫర్‌నట్టర్, లేకపోతే మామూలు పీనట్ బటర్ కుకీ. కింద చెప్పే జాగ్రత్తల్లో సగానికి పైగా దానికోసమే.

కావలసినవి

ఎనిమిది అంగుళాల చదరపు ట్రేకి, అంటే 20 సెంటీమీటర్ల ట్రేకి సరిపడా కొలతలివి. పదహారు ముక్కలొస్తాయి. కప్పుల కంటే గ్రాముల లెక్క నమ్మకమైనది. పీనట్ బటర్ లాంటి జిగురు వస్తువుల్ని కప్పుతో కొలిస్తే సగం కప్పుకే అంటుకుని ఉండిపోతుంది.

పిండికి:
- ఉప్పు లేని బటర్ 115 గ్రాములు (అమెరికాలో ఒక స్టిక్)
- బ్రౌన్ షుగర్ 120 గ్రాములు, పంచదార 40 గ్రాములు
- పీనట్ బటర్ 190 గ్రాములు
- గుడ్డు ఒకటి
- మైదా 160 గ్రాములు
- బేకింగ్ పౌడర్ అర టీస్పూను, ఉప్పు అర టీస్పూను, వెనిల్లా ఎసెన్స్ ఒక టీస్పూను

మధ్యలోకి ఫ్లఫ్ 200 గ్రాములు. పైన చల్లడానికి వేయించిన ఉప్పు పల్లీలు గుప్పెడు.

అమెరికన్ వంటకాల్లో పంచదార ఇంతకంటే ఎక్కువే వేస్తారు. మధ్యలో ఉన్నదంతా తీపే కాబట్టి పిండిలో తగ్గించుకోవడమే మేలు. ఉప్పు మాత్రం తగ్గించకండి. ఉప్పు సరిపోకపోతే ఈ బార్లు రెండో ముక్కకే మొహం మొత్తుతాయి. పీనట్ బటర్ డబ్బా మీద దినుసులు చదవండి. ఉప్పు కలపనిదైతే పిండిలో మరో పావు టీస్పూను వేయండి. బ్రౌన్ షుగర్ బదులు బెల్లం పొడి వేయొచ్చా అని అడుగుతారు. వేయొచ్చు గానీ, బెల్లం వాసన ముందుకొచ్చి పల్లీల వాసనని వెనక్కి నెట్టేస్తుంది. ఈ ఒక్కదానికి బ్రౌన్ షుగరే బాగుంటుంది.

పీనట్ బటర్: కొనాలా, చేసుకోవాలా

అంగళ్లలో దొరికేవి రెండు రకాలు. నూనె పైకి తేలకుండా గట్టిపరచిన నూనె కలిపి చేసేది ఒకటి. ఒట్టి పల్లీలు, మహా అయితే ఉప్పు మాత్రమే ఉండి, డబ్బా నిలకడగా ఉంచితే నూనె పైకి తేలేది రెండోది. బేకింగ్‌కి మొదటిదే తేలిక, పిండి ఒకేలా వస్తుంది. రుచి మాత్రం రెండోదానిదే. నూనె తేలే రకం వాడేటప్పుడు డబ్బా అడుగుదాకా బాగా కలిపి మరీ తూచండి. పైన తేలిన నూనె మాత్రమే పిండిలోకి వస్తే బార్లు జిడ్డోడుతూ పొడిపొడిగా రాలతాయి. పిండి మరీ జారుగా అనిపిస్తే ఒకట్రెండు చెంచాల మైదా కలిపి ఫ్రిజ్‌లో పావుగంట పెట్టండి.

మన దగ్గర మంచి పల్లీలకి కొదవలేదు, అనంతపురం వైపు నుంచి వచ్చినవాళ్లకి ఆ మాట చెప్పక్కర్లేదు. ఇంట్లోనే చేయాలనుకుంటే పావుకిలో పల్లీలు సన్నటి మంట మీద ఓపిగ్గా వేయించండి, లేదా ఓవెన్‌లో 170 డిగ్రీల దగ్గర పన్నెండు, పదిహేను నిమిషాలు ఉంచండి. పైకి రంగు మారినా లోపల పచ్చిగా ఉండొచ్చు కాబట్టి ఒక గింజ విరిచి చూడండి. మధ్యలో కూడా లేత గోధుమరంగు వచ్చిందంటే వేగినట్టే. కాస్త చల్లారాక పొట్టు నలిపి చేటలో చెరిగి, ఇంకా గోరువెచ్చగా ఉండగానే మిక్సీలో వేయండి. ముందు పొడి అవుతుంది. తర్వాత ముద్దకట్టి మిక్సీ జార్ అంచులకి అంటుకుపోతుంది. చాలామంది ఇక్కడే పని అవడంలేదని నీళ్లో నూనో పోసేస్తారు. వద్దు. నీళ్లు తగిలితే ముద్ద బిగుసుకుపోతుంది. మిక్సీ ఆపి, అంచులు గీకి, మోటారు చల్లబడనిచ్చి మళ్లీ తిప్పండి. కాసేపటికి పల్లీల్లోని నూనె దానంతటదే వదిలి, ముద్ద ఉన్నట్టుండి మెరుస్తూ జారుగా తిరగడం మొదలెడుతుంది. అప్పుడు ఉప్పు వేసి ఇంకోసారి తిప్పితే చాలు.

ఫ్లఫ్ ఇంట్లో చేయడం

డర్కీ-మోవర్ వాళ్ల ఫ్లఫ్‌లో ఉండేవి కార్న్ సిరప్, పంచదార, ఎండబెట్టిన తెల్లసొన, వెనిల్లిన్. అంతే. ఇది తెలుగువాళ్లు గమనించాల్సిన విషయం. సంచుల్లో అమ్మే మార్ష్‌మల్లోల్లో సాధారణంగా జెలటిన్ ఉంటుంది, అది పంది లేదా పశువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. ఫ్లఫ్‌లో జెలటిన్ లేదు. మాంసం ముట్టకపోయినా గుడ్డు తినేవాళ్లు దీన్ని తినొచ్చు.

అమెరికాలో ఉన్నవాళ్లకి డబ్బా సులువుగా దొరుకుతుంది, దాన్నే వాడండి. దొరకనిచోట చేసుకోవడానికి రెండు గుడ్ల తెల్లసొన, 150 గ్రాముల పంచదార, 160 గ్రాముల కార్న్ సిరప్, 60 మిల్లీలీటర్ల నీళ్లు, చిటికెడు ఉప్పు, అర టీస్పూను నిమ్మరసం, ఒక టీస్పూను వెనిల్లా కావాలి. కార్న్ సిరప్ దొరకకపోతే కేకు సామాన్లు అమ్మే షాపుల్లో లిక్విడ్ గ్లూకోజ్ అడగండి. బాగా చిక్కగా ఉంటుంది కాబట్టి చెంచా తడిచేసుకుని, నేరుగా పాకం పట్టే గిన్నెలోకే తూచుకోండి. ఇది వేయకుండా ఒట్టి పంచదారతో చేస్తే పాకం చల్లారాక పంచదార పలుకులు కడుతుంది, ఫ్లఫ్ ఇసుకలా నాలుక్కి తగులుతుంది.

మందపాటి గిన్నెలో పంచదార, సిరప్, నీళ్లు, ఉప్పు కలిపి మధ్యస్థం మంట మీద పెట్టండి. పంచదార కరిగి మరుగు పట్టిన తర్వాత ఇక గరిటె పెట్టకండి. అంచుల మీద పంచదార చిందితే తడి బ్రష్‌తో కిందికి తుడవండి. పాకం 107 డిగ్రీల సెంటిగ్రేడ్‌కి చేరుతున్నప్పుడు తెల్లసొనలో నిమ్మరసం వేసి బీటర్‌తో కొట్టడం మొదలుపెట్టండి. గిన్నెలో చుక్క పచ్చసొన గానీ, నూనె జిడ్డు గానీ ఉంటే నురుగు రాదు. బీటర్ పైకెత్తితే మొన నిలబడి, కొస మాత్రం వంగాలి. పాకం 115 డిగ్రీలకి, ఫారెన్‌హీట్‌లో 240కి రాగానే దించేయండి.

థర్మామీటర్ లేకపోతే అరిసెల పాకం చూసినట్టే చూడండి. పళ్లెంలో చల్లటి నీళ్లు పోసి ఒక చుక్క పాకం వేసి వేళ్లతో దగ్గరకి తీయాలి. మెత్తటి ఉండ కట్టి, వేలితో నొక్కితే అణగాలి. నీళ్లలో చెదిరిపోతే ఇంకా కావాలి, గోళీలా గట్టిపడితే ముదిరిపోయింది. ఒక తేడా గుర్తుంచుకోండి: పరీక్ష చేస్తున్నంతసేపూ పాకం గిన్నె పొయ్యి మీద ఉంచొద్దు, పక్కకి దించండి. ఆ అర నిమిషంలోనే ముదురుతుంది. లేతపాకమైతే ఫ్లఫ్ నీళ్లగా జారి ఓవెన్‌లో అసలు నిలవదు. ముదురుపాకమైతే సాగదు, పరవడానికి రాదు.

బీటర్ నడుస్తూ ఉండగానే పాకాన్ని సన్నటి ధారగా, గిన్నె గోడకీ బీటర్‌కీ మధ్య ఖాళీలోకి పోయండి. బీటర్ తీగల మీద పడితే పాకం చుట్టూ చింది గోడలకి గట్టిగా అంటుకుపోతుంది, చేతుల మీద కూడా పడుతుంది. ఈ పని చేసేటప్పుడు పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, పంచదార పాకం కాలితే నీళ్లు కాలినట్టు కాదు, చర్మానికి అంటుకుని వదలదు. పాకమంతా పోశాక వేగం పెంచి ఏడెనిమిది నిమిషాలు కొట్టండి. మొదట పలచగా, గాజులా ఉన్నది క్రమంగా తెల్లబడి, ఉబ్బి, రెండింతలు మూడింతలు అవుతుంది. గిన్నె అడుగున చెయ్యి పెడితే గోరువెచ్చగా తగలాలి, బీటర్ ఎత్తితే రిబ్బన్‌లా జారి, పడినచోట గీత కాసేపు చెరగకుండా ఉండాలి. అప్పుడు వెనిల్లా కలపండి. బార్లకి కావలసిన దానికంటే ఎక్కువే వస్తుంది. మిగిలింది మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే వారంలోపు బ్రెడ్డుకి రాసుకోవచ్చు. గర్భిణులకి, చంటిపిల్లలకి పెట్టేదైతే పచ్చి తెల్లసొన బదులు పాశ్చరైజ్ చేసిన తెల్లసొన వాడండి.

పిండి, పొరలు, ఓవెన్

ఓవెన్‌ని 175 డిగ్రీలకి, అంటే 350 ఫారెన్‌హీట్‌కి వేడిచేయండి. ఓటీజీ (ఇళ్లల్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) అయితే రెండు రాడ్లూ వెలిగించి, మధ్య అరలో, కనీసం పావుగంట ముందే. ట్రేలో బటర్ పేపర్ రెండువైపులా అంచులు దాటి బయటికొచ్చేలా పరవండి. బార్లు ఆ అంచులు పట్టుకునే పైకి తీయాలి. పేపర్ లేకుండా చేస్తే ఫ్లఫ్ ట్రేకి అతుక్కుని ముక్క ఊడిరాదు.

బటర్ వేలితో నొక్కితే గుంట పడేంత మెత్తగా ఉండాలి, కరగకూడదు. అందులో రెండు రకాల పంచదారా వేసి రెండు నిమిషాలు గిలకొట్టండి. పీనట్ బటర్, తర్వాత గుడ్డు, వెనిల్లా కలపండి. మైదా, బేకింగ్ పౌడర్, ఉప్పు జల్లించి వేసి, పొడి మైదా కనిపించనంతవరకే కలిపి ఆపేయండి. ఎక్కువ కలిపితే బార్లు సాగుతాయి.

పిండి సుమారు 670 గ్రాములు ఉంటుంది. అందులో 380 గ్రాములు ట్రేలో వేసి వేళ్లతో సమంగా అదమండి. మిగిలిన దాన్ని రెండు బటర్ పేపర్ల మధ్య పెట్టి, ట్రే కంటే వెంట్రుకవాసి చిన్న చదరంగా అప్పడాల కర్రతో వత్తి, అలాగే ఫ్రీజర్‌లో పెట్టేయండి. ఇది పైమూత. గట్టిపడితేనే ఫ్లఫ్ మీదికి విరగకుండా ఎత్తగలం.

అడుగు పొరని ముందుగా పది నిమిషాలు ఒంటరిగా కాల్చండి. చాలా వంటకాల్లో ఈ మెట్టు ఉండదు. అడుగూ, ఫ్లఫ్, మూత అన్నీ ఒకేసారి పెట్టి కాల్చమంటారు. అలా చేస్తే పచ్చిపిండి పాకాన్ని పీల్చేసుకుంటుంది. పది నిమిషాలు కాలిన అడుగు మీద సన్నటి పొర గట్టిపడి ఫ్లఫ్‌ని పట్టి ఆపుతుంది. పైగా ఆ వేడికి ఫ్లఫ్ కాస్త మెత్తబడి పరవడమూ తేలికవుతుంది.

అడుగు బయటికి తీసి, తడి చెంచాతో ఫ్లఫ్‌ని ముద్దలు ముద్దలుగా అక్కడక్కడ వేసి, మళ్లీ తడిచేసుకుంటూ పరవండి. నాలుగువైపులా అంచుల దగ్గర ఒక సెంటీమీటరు ఖాళీ వదలండి. ఇక్కడ ఆశపడి అంచుదాకా రాస్తే, ఓవెన్‌లో ఫ్లఫ్ ఉబ్బి పక్కలనుంచి తెల్లటి బుడగలుగా బయటికి పొంగి, వేడి ట్రేకి తగిలి మాడుతుంది. ఫ్రీజర్‌లోంచి మూత తీసి, పేపర్ ఒలిచి ఫ్లఫ్ మీద బోర్లించండి. నిమిషంలో మెత్తబడుతుంది, అప్పుడు అంచుల్ని కింది పొరతో కలిపి నొక్కి మూసేయండి. మూత విరిగినా కంగారు పడక్కర్లేదు, ముక్కల్ని దగ్గరగా పేర్చండి. ఒకటిరెండు చోట్ల చిన్న సందులు ఉంటేనే అందం, అక్కడ ఫ్లఫ్ పైకి తొంగిచూసి బంగారు రంగుకి కాలుతుంది. కచ్చాపచ్చాగా దంచిన ఉప్పు పల్లీలు పైన చల్లి మెల్లగా అదమండి.

ఇరవై నుంచి ఇరవై రెండు నిమిషాలు కాల్చండి. పుల్ల గుచ్చి చూసే పద్ధతి ఇక్కడ పనికిరాదు, మధ్యలో ఫ్లఫ్ ఉంది కాబట్టి ఎప్పుడు గుచ్చినా పుల్లకి అంటుకుంటుంది. కంటితో చూడాలి. అంచులు లేత గోధుమరంగుకి వచ్చి, నడిమి భాగం కొంచెం ఉబ్బి, తడి మెరుపు పోయి మసకగా కనిపిస్తే తీసేయండి. వేలితో తాకితే ఇంకా మెత్తగానే ఉంటుంది, ఉడకలేదనిపిస్తుంది. అయినా తీసేయాల్సిందే. ట్రే వేడికి ఇంకో పది నిమిషాలు లోపల ఉడుకుతూనే ఉంటుంది. మధ్యభాగం ఎర్రబడేదాకా ఆగితే తెల్లపొర మీద ఆశ వదులుకోవాలి.

తర్వాతి పని ఆగడం. గంటసేపు ట్రేలోనే బయట, ఆ తర్వాత రెండు గంటలు ఫ్రిజ్‌లో. వేడిమీద కోస్తే ఫ్లఫ్ దారాలు దారాలుగా సాగి కత్తికి చుట్టుకుంటుంది. చల్లబడ్డాక పేపర్ పట్టుకుని మొత్తం పైకెత్తి, పొడవాటి కత్తిని వేడినీళ్లలో ముంచి తుడిచి ఒక్క నొక్కుతో కిందికి దించండి. ప్రతి కోతకీ ముంచాలి, తుడవాలి. తినేముందు కాసేపు బయట ఉంచితే పల్లీల వాసన తేలుతుంది.

మార్పులు చేసుకోవాలంటే

ఫ్లఫ్ బదులు సంచిలోని చిన్న మార్ష్‌మల్లోలు వాడేవాళ్లున్నారు. వాటిని ఈ బార్ల మధ్యలో దాచకండి, కరిగి గుంటలు పడతాయి. వాటికి తగిన వంటకం వేరే ఉంది. మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్‌లో పియర్సన్ కంపెనీ 1933 నుంచి సాల్టెడ్ నట్ రోల్ అనే మిఠాయి చేస్తోంది. దాన్ని తలపించేలా అక్కడి ఇళ్లల్లో బార్లు చేస్తారు. 9 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల పొడవున్న ట్రేలో కుకీ అడుగుని పూర్తిగా కాల్చి, పైన మూడు కప్పుల చిన్న మార్ష్‌మల్లోలు పరిచి, ఒకటి రెండు నిమిషాలు, అవి ఉబ్బేవరకు మాత్రమే ఓవెన్‌లో పెట్టి తీస్తారు. చల్లారాక పీనట్ బటర్ చిప్స్, కార్న్ సిరప్, బటర్ కలిపి కరిగించి, అందులో రైస్ క్రిస్పీస్ (కరకరలాడే బియ్యపు సీరియల్), ఉప్పు పల్లీలు చెరి రెండు కప్పులు కలిపి పైన పరుస్తారు. కరకరలాడే ముక్క ఇష్టపడేవాళ్లకి ఇదే నచ్చుతుంది.

ఆకుపచ్చ చుక్క ఉన్న మార్ష్‌మల్లోలు కొంటే ఒక సంగతి గమనించండి. అగర్‌తో, అంటే సముద్రపు నాచు నుంచి తీసే జెల్లీ పదార్థంతో చేసినవైతే జెలటిన్‌లా వెంటనే కరగవు. జెలటిన్ ఒంటి వేడికే మెత్తబడుతుంది, అగర్‌కి 85 డిగ్రీల దాకా వేడి కావాలి. గుడ్డు కూడా వద్దనుకుంటే పిండిలో గుడ్డుకి బదులు మూడు చెంచాల గట్టి పెరుగు వేయండి. ఫ్లఫ్‌కి కాబూలీ శనగలు ఉడికించిన చిక్కటి నీళ్లు తెల్లసొనలాగే నురుగొస్తాయి, కాకపోతే ఆ నురుగుని ఓవెన్‌లో పెట్టకుండా, బార్ రెండు పొరలూ విడిగా కాల్చి చల్లారాక మధ్యలో రాయండి.

పిల్లల బడికో, పుట్టినరోజుకో పంపేటప్పుడు పల్లీల ఎలర్జీ సంగతి తప్పకుండా అడగండి. కొందరికి ఇది ప్రాణం మీదికొచ్చే విషయం, అమెరికాలో చాలా బడులు పల్లీలు తేనివ్వవు. పొద్దుతిరుగుడు గింజల బటర్‌తో ఇదే కొలతకి చేయొచ్చు. ఆ గింజల్లోని క్లోరోజెనిక్ ఆమ్లం బేకింగ్ సోడా, పౌడర్లతో కలిస్తే మర్నాటికి బార్ల లోపల ఆకుపచ్చ రంగు రావచ్చు. పాడవలేదు, తినొచ్చు. రంగు వద్దనుకుంటే బేకింగ్ పౌడర్ సగానికి తగ్గించి అర చెంచా నిమ్మరసం కలపండి.

నిలవ ఉంచాలంటే గాలి చొరని డబ్బాలో, పొరకీ పొరకీ మధ్య బటర్ పేపర్ వేసి పెట్టండి. బయట మూడు రోజులు, ఫ్రిజ్‌లో వారం బాగుంటాయి. విశాఖ, మచిలీపట్నం లాంటి ఉక్కపోత ఊళ్లలో మాత్రం మొదటి రోజు నుంచే ఫ్రిజ్‌లో పెట్టాలి, పంచదార గాలిలోని తేమ పీల్చుకుని ఫ్లఫ్ చెమ్మగిల్లుతుంది. ఒక్కో ముక్కని విడిగా చుట్టి ఫ్రీజర్‌లో పెడితే రెండు నెలల దాకా ఉంటాయి. తినడానికి అరగంట ముందు బయటపెట్టాలి. కరిగేటప్పుడు పైన పట్టే చెమ్మ బార్‌కి తగలకుండా, చుట్టిన పేపర్ ఆ అరగంటా విప్పకండి.